చాలు అని చెప్పడం నేర్చుకున్నాం



మన పల్లెల్లో ఒక మనిషిని చాలా రోజుల తర్వాత చూస్తే మొదట వచ్చే మాట "ఏమిటి, ఇలా చిక్కిపోయారు?" అన్నదే. అది దిగులుతో అనే మాట. "కాస్త ఒళ్లు చేశారే" అంటే అది మెచ్చుకోలు. సంఘకాపరి విషయంలో ఇది మరీ ఎక్కువ. అయ్యగారు నిండుగా కనబడితే సంఘం ఆయన్ని బాగా చూసుకుంటోందని నలుగురూ అనుకుంటారు. అయ్యగారు చిక్కితే ఆ సంగతి సంఘపెద్దల దాకా వెళుతుంది. అందుచేత పదహారేళ్ల పరిచర్యలో మేము 66 కిలోల నుండి 88 కిలోలకు చేరుకున్నా ఎవరూ ఏమీ అనలేదు. సంతోషించారు.

మేము సేవ చేసేది పల్నాడు జిల్లాలోని మూడు పల్లెల్లో. 2023 జూలైలో ఆరోగ్య కేంద్రం వారు మా చర్చి ఆవరణలో బీపీ, షుగరు పరీక్షలు పెట్టారు. సూది అనగానే జనం వెనకాడుతుంటే మేమే మొదట చేయి చాపాం. కాపరి చూపించుకుంటే మంద వస్తుందని మా ఉద్దేశం. మంద వచ్చింది. మా కాగితం కూడా వచ్చింది. పట్నం వెళ్లి, మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకుంటే 6.2 ఉంది. డాక్టరుగారు వివరంగా చెప్పారు. 5.7 లోపు ఉంటే మంచిది, 5.7 నుండి 6.4 వరకు షుగరుకు ముందు మెట్టు, 6.5 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే షుగరు వ్యాధి. మేము ముందు మెట్టు మీద నిలబడి ఉన్నాం. మా ఇంట్లో అమ్మగారికి (సంఘమంతా ఆమెను అలాగే పిలుస్తుంది) షుగరు లేదు గాని 74 కిలోల బరువుతో మోకాళ్లు పట్టేసి, ప్రార్థనకు నేలమీద కూర్చుంటే ఇద్దరు లేపాల్సి వస్తోంది.

మా సంఘంలో షుగరు ముదిరి కాలి వేళ్లు తీయించుకున్నవాళ్లు ఉన్నారు. వారి మంచాల పక్కన మేము మోకరించాం. కాబట్టి ఆ 6.2 అన్న అంకె మాకు వట్టి అంకెగా కనబడలేదు. అయితే డాక్టరుగారు భయపెట్టలేదు. "ఇప్పుడే మందు వద్దు. ఉన్న బరువులో నూటికి ఏడు వంతులు తగ్గండి, రోజూ నడవండి. తొందరపడవద్దు" అన్నారు. ఆ మాట వెనుక పెద్ద ఆధారమే ఉంది. అమెరికాలో మూడు వేల మందికి పైగా, మాలాగే ముందు మెట్టు మీద ఉన్నవారితో ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2002లో ప్రచురించారు. బరువులో నూటికి ఏడు వంతులు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడవడం గురిగా పెట్టుకున్నవారిలో, అలా చేయనివారితో పోలిస్తే షుగరు వ్యాధి రావడం నూటికి 58 వంతులు తగ్గింది. మా 88 కిలోలకు ఏడు వంతులంటే ఆరు కిలోల చిల్లర. అంతే.

నెమ్మదిగా వచ్చింది, నెమ్మదిగా పోవాలి

ఇంటికి వచ్చి మేమిద్దరం కాగితం, పెన్సిలు పెట్టుకుని ఒక లెక్క వేశాం. పదహారేళ్లలో 22 కిలోలు పెరిగామంటే రోజుకు ఎంత? నాలుగు గ్రాములు కూడా కాదు. ఏ రోజు భోజనంలోనూ అది కనబడదు. ఏ ఒక్క విందువల్లా వచ్చింది కాదు. ఎక్కడో ఒక ముద్ద, ఇంకెక్కడో ఒక గ్లాసు టీ. చీమలు బియ్యపు గింజలు మోసినట్టు ఒంట్లోకి చేరింది. అలా వచ్చినదాన్ని నెల రోజుల్లో తోసేయాలనుకోవడం శరీరంతో కొట్లాట పెట్టుకోవడమే.

మీరు కూడా ఎన్నో చూసి ఉంటారు. 2018 ప్రాంతంలో మన రాష్ట్రాల్లో అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె, నిమ్మరసం తాగే పద్ధతి ఊరూరా పాకింది. బస్టాండు గోడల మీద "నెలకు పది కిలోలు" అని రాసిన కాగితాలు ఇప్పటికీ కనబడతాయి. 2025లో మన దేశంలో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు కూడా అమ్మకానికి వచ్చాయి. అవి ఎవరికి తగునో డాక్టరు చెప్పవలసిన విషయం. మా మట్టుకు మాకు ఒక్కటే ప్రశ్న. ఈ రోజు మొదలుపెట్టినది పదేళ్ల తర్వాత కూడా చేయగలమా? అన్నం లేకుండా పల్నాటి మనిషి పదేళ్లు బతకలేడు. పదిరోజులు ఉండి పదకొండో రోజు రెండింతలు తింటాడు. ఆకస్మికంగా తగ్గినప్పుడు మొదట పోయేది చాలావరకు నీరు. ఆ తర్వాత కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. అందుకే నెలకు ఒక కిలో తగ్గినా చాలని నిర్ణయించుకున్నాం.

మన కంచంలో అన్నం ఎలా పెరిగింది

మా అమ్మమ్మగారి కాలంలో పల్నాట రోజువారీ తిండి జొన్న, సజ్జ. తెల్లన్నం పండగకో, చుట్టం వస్తేనో. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మెట్ట చేలు మాగాణి అయ్యాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. కూలి ఇళ్లలోనూ రోజూ తెల్లన్నం ఉడికింది. ఆకలి తీర్చిన ఆ అన్నాన్ని మేము ఒక్క మాట కూడా అనం. మా ఎముకల్లో ఉన్నది ఆ అన్నమే. అయితే ఆనాడు తిన్నవారు పొద్దస్తమానం మట్టి మోసినవారు, కలుపు తీసినవారు. ఈనాడు మోటారుసైకిలు మీద తిరిగి, కుర్చీలో కూర్చుని ప్రసంగం తయారుచేసుకునేవారికి కూడా అదే రాశి కంచంలో పడుతోంది.

ఇంకొక సంగతి గమనించండి. మన తెలుగు భోజనంలో అన్నం ఒకసారి వడ్డించి ఊరుకోం. పప్పుకు అన్నం, కూరకు అన్నం, పచ్చడికి అన్నం, చారుకు అన్నం, చివర మజ్జిగకు అన్నం. ప్రతి రుచీ తన వాటా అన్నం అడుగుతుంది. ఐదు మార్లు వడ్డించుకున్నప్పుడు ఏ మారు చూసినా కొంచెమే అనిపిస్తుంది. ఐదూ కలిపి చూసేవారెవరు?

ఈ లెక్క మన ఒక్క ఇంటిది కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. తెలంగాణలో నూటికి 30 మంది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 15 మంది ఉండవలసిన బరువు కన్నా తక్కువగా ఉన్నట్టు తేలింది. ఒకే వీధిలో, ఒకే సంఘంలో ఇద్దరూ ఉన్నారు. ఈ రెండో మాట మళ్లీ చెప్పుకుందాం.

మేము చేసిన కొలత

మొదటి వారం మేము ఏమీ తగ్గించలేదు. కొలిచాం, అంతే. కొట్లో చిన్న కాటా తెచ్చి, మా వాటా బియ్యం తూచి పొయ్యి మీద పెట్టాం. మధ్యాహ్నం 250 గ్రాములు, రాత్రి 200 గ్రాములు, మొత్తం 450 గ్రాముల బియ్యం మా ఒక్కరికే అవుతోంది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీల శక్తి ఉంటుంది. అంటే వట్టి అన్నంతోనే దాదాపు 1,575 కేలరీలు.

నూనె లెక్క ఇంకా ఆశ్చర్యం. ముగ్గురికి నెలకు ఐదు ప్యాకెట్లు. మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు. గ్రాము నూనెలో తొమ్మిది కేలరీలు. అంటే కూరల్లో కనబడకుండా 450 కేలరీలు. ఇక టీ. గృహ దర్శనాలకు వెళ్లిన రోజున ఎనిమిది ఇళ్లంటే ఎనిమిది గ్లాసులు. గ్లాసుకు రెండు చెంచాల పంచదార. మొత్తం 80 గ్రాముల పంచదార, 320 కేలరీలు. రెండున్నర గరిటెల అన్నం తాగేసినట్టే, ఆకలి మాత్రం తీరలేదు.

ఈ మూడు లెక్కలు చూసిన తర్వాత ఇలా మొదలుపెట్టాం.

బియ్యం మూడు వారాలకొకసారి రోజుకు 25 గ్రాములు తగ్గించాం. 25 గ్రాములంటే చిన్న గుప్పెడు. నాలుకకు, పొట్టకు తెలియనంత తక్కువ. ఎనిమిది మెట్లలో, ఆరు నెలలు దాటకుండానే, 450 నుండి 250కి దిగాం.

అన్నం ఒకేసారి వడ్డించుకుని, కంచంలోనే భాగాలు చేసుకున్నాం. ఇది పప్పుకు, ఇది కూరకు, ఇది మజ్జిగకు. భాగాలు కళ్లముందు ఉంటే మారు వడ్డించుకోవలసిన పని పడదు.

అన్నం తగ్గిన చోటును ఖాళీగా ఉంచలేదు. బీరకాయ, సొరకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, ఏది దొరికితే అది రెండింతలు వండాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఆకుకూరలు, కూరగాయలు కలిపి రోజుకు 400 గ్రాముల దాకా తినమన్నారు. పప్పు చిక్కగా చేసుకున్నాం. గుడ్డు, ఉడికించిన శనగలు, ఆదివారం కోడికూర మానలేదు. మాంసకృత్తులు ఉంటే ఆకలి ఆగుతుంది, కండ నిలుస్తుంది. పచ్చడి మెతుకులతో అన్నం తగ్గించినవారు రెండు గంటలకే మళ్లీ డబ్బా మూత తీస్తారు.

నూనె ఐదు ప్యాకెట్ల నుండి మూడుకు వచ్చింది. సీసాలోంచి వంచడం మానేసి చెంచాతో కొలిచి వేశాం.

జొన్న, కొర్ర, రాగి గురించి ఒక మాట. వాటిలో పీచు ఎక్కువ, ఆకలి నిదానంగా వేస్తుంది. మంచివే. కాని వంద గ్రాముల జొన్నల్లో సుమారు 330, రాగుల్లో సుమారు 320 కేలరీలు ఉంటాయి. బియ్యానికి పెద్ద తేడా లేదు. తెల్లన్నం బదులు కొర్రన్నం అదే రాశి తింటే బరువు తగ్గదు. గింజ మారినా కొలత కొలతే.

మనసు పెట్టి తినడం

కొలత సగం పని. మిగతా సగం తినే తీరులో ఉంది.

ఆకలి తీరడం వేరు, పొట్ట బిగియడం వేరు. ఆకలి తీరిన సంగతి పొట్ట నుండి తలకు చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుందని వైద్యులు చెబుతారు. మేము గడియారం పెట్టి చూసుకుంటే మా భోజనం తొమ్మిది నిమిషాల్లో ముగుస్తోంది. కబురు చేరేసరికి కంచం కడిగేస్తున్నాం.

కాబట్టి ఇంట్లో కొన్ని అలవాట్లు పెట్టుకున్నాం. టీవీ ఆపి కూర్చుంటాం. సెల్‌ఫోను వేరే గదిలో ఉంటుంది. ముద్ద చిన్నది చేస్తాం. నోట్లోది పూర్తిగా నమిలి మింగేదాకా తర్వాతి ముద్ద కలపం. మొదట ఉత్త కూర నాలుగు ముద్దలు తిని, తర్వాత అన్నం కలుపుతాం. భోజనానికి ముందు కృతజ్ఞతా ప్రార్థన మన ఇళ్లలో ఉన్నదే. మేము సగం భోజనంలో కూడా ఒక నిమిషం చేయి ఆపుతాం. ఆ నిమిషంలో ఒకే ప్రశ్న: ఇంకా ఆకలిగా ఉందా, లేక రుచిగా ఉందని తింటున్నామా? ఆకలి ఉంటే తింటాం. లేకపోతే మజ్జిగ తాగి లేస్తాం. మొదటి రెండు వారాలు ఇది కాస్త నాటకంలా తోచింది. తర్వాత చింతచిగురు పప్పులో పులుపు, కొత్త బియ్యపు వాసన ఎన్నాళ్ల తర్వాతో తెలిసినట్టయింది. తక్కువ తిన్నప్పుడే తిండి ఎక్కువ రుచించిందంటే మీరు నమ్మండి.

రాత్రి కూడికలు ముగించుకుని పదింటికి తినేవాళ్లం. ఇప్పుడు కూడికకు ముందే, ఏడింటికి తింటున్నాం. శుక్రవారం ఉపవాస ప్రార్థన యథావిధిగా సాగుతోంది. ఉపవాసం దేవుని సన్నిధికి సంబంధించినది, దాన్ని బరువు తగ్గే సాధనంగా మేము వాడలేదు. అయితే ఉపవాసం విరమించేటప్పుడు పులిహోర, గారెల బదులు మజ్జిగ, ఒక పండు, ఆ తర్వాత మామూలు భోజనం అని మార్చాం. అరణ్యంలో మన్నా దొరికినప్పుడు ఎవరికి తగినంత వారు కొలిచి కూర్చుకున్నారనీ, మరుసటి రోజుకని దాచిపెట్టింది పాడైపోయిందనీ మనం పిల్లలకు చెబుతూనే ఉన్నాం గదా. కొలత మన విశ్వాసానికి కొత్త సంగతి కాదు.

పెద్దమ్మ ఇంట్లో

ఇంతవరకు చెప్పినది మా ఇంటి సంగతి. అసలు కష్టం ఇతరుల ఇళ్లలో వచ్చింది.

మా రెండో పల్లెలో ఎనభై దాటిన ఒక పెద్దమ్మ ఉంది. నెలకొకసారి వెళితే భోజనం పెట్టకుండా పంపదు. ఆమె వడ్డించడమంటే గరిటె నిండా, కంచం అంచు దాటేలా. ఆ రోజు రెండో గరిటెకు మేము కంచం మీద చేయి అడ్డం పెట్టి "చాలు పెద్దమ్మా" అన్నాం. గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆమె ముఖం చిన్నబోయింది. "ఏం అయ్యగారూ, మా ఇంటి కూడు మీకు పడటం లేదా?" అంది.

ఈ మాట బయటివారికి మామూలుగా వినబడవచ్చు. మన సంఘాల్లోవారికి దాని బరువు తెలుసు. పెద్దమ్మ చిన్నతనంలో ఆసామి ఇంటి ముందు దోసిలి పడితే పైనుండి నీళ్లు పోసేవారు. వారి ఇళ్లలో ఎవరూ మంచినీళ్లు ముట్టేవారు కాదు. అలాంటి గుమ్మం తొక్కి, వారి నేలమీద కూర్చుని, వారి చేతి వంట తినడం ఆ ఇంటికి గౌరవం. కాపరి "చాలు" అంటే ఆమె చెవికి "వద్దు" అని వినబడింది. షుగరు కాగితం తీసి చూపిస్తే అర్థమయ్యే సంగతి కాదు ఇది.

మేము కంచం పక్కకు పెట్టి, "పెద్దమ్మా, నువ్వు కూడా కంచం పెట్టుకో. నువ్వు తింటేనే మేమూ తింటాం" అన్నాం. ఆమె ఒప్పుకోలేదు. అయ్యగారు తిన్నాక తినడమే ఆమెకు తెలిసిన పద్ధతి. చివరకు మనవరాలు కంచం తెచ్చి ముందు పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. మేము నెమ్మదిగా తింటుంటే ఆమె మాట్లాడసాగింది. పదిహేనేళ్ల పిల్లగా ఉన్నప్పుడు సాగర్ కాలువ తవ్వకంలో తట్టలతో మట్టి మోసిందట. ఆ కాలువ నీళ్లతో పండిన మొదటి వడ్లు దంచి వండిన రోజున, వాళ్ల అమ్మ అన్నం కంచంలో పెట్టుకుని కాసేపు తినకుండా చూస్తూ కూర్చుందట. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంటికి వెళుతున్నాం. ఈ సంగతి ఎన్నడూ వినలేదు. గబగబా తిని ప్రార్థన చేసి లేచేవారికి ఇలాంటివి ఎవరు చెబుతారు?

ఆ రోజు ఆమె ఇంట్లో ఒక్క గరిటె అన్నమే తిన్నాం. ముప్పావుగంట కూర్చున్నాం. తర్వాతి నెల వెళ్లినప్పుడు ఆమె మనవరాలికి పొరుగమ్మ ముందు చెప్పింది: "అయ్యగారు తినేది తగ్గించారు గానీ కూర్చునేది పెంచారే." గరిటె తనే సగం నింపి వడ్డించింది.

ఆ మాట మాకు దారి చూపించింది. మన ఇళ్లలో వడ్డించడం ప్రేమను చూపే భాష. ఆ భాషలో "వద్దు" అంటే గాయమవుతుంది. కాని వారికి కావలసింది మన పొట్ట నిండడం ఒక్కటే కాదు. మనం వారి దగ్గర ఉండడం, వారు చేసినదాన్ని మెచ్చుకోవడం, తొందర లేకుండా వినడం. అది ఇస్తే అన్నం తగ్గినా ఎవరూ నొచ్చుకోరు. ఇప్పుడు ప్రతి ఇంట్లో కూర ముందు అడిగి వేయించుకుంటాం. ఏమి వేసి వండారో అడుగుతాం. టీ ఒకటి రెండు ఇళ్లలో, అదీ పంచదార లేకుండా. మిగతా ఇళ్లలో మజ్జిగో, మంచినీళ్లో అడిగి తాగుతాం. స్త్రీల సమాజంలో అమ్మగారు ఈ సంగతి ముందుగానే చెప్పి ఉంచడం కూడా మేలు చేసింది.

కాటా ఆగిపోయిన రోజులు

శనివారం ఉదయం, పరగడుపున, ఎరువుల కొట్లో ఉన్న ఒకే కాటా మీద వారానికొకసారి తూగేవాళ్లం. రోజూ తూగితే మనసు పాడవుతుంది. తిన్న ఉప్పును బట్టి, తాగిన నీటిని బట్టి ఒక కిలో అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. 2023 ఆగస్టులో మొదలుపెడితే డిసెంబరు నడిమికి 82 కిలోలకు వచ్చాం. డాక్టరుగారు చెప్పిన ఏడు వంతులు దాదాపు పూర్తయినట్టే.

తర్వాత క్రిస్మస్ వచ్చింది. అరిసెలు, లడ్డూలు, ఇరవై ఇళ్ల కేకులు. జనవరి మొదట 84 చూపించింది. ఆ తర్వాత మూడు నెలలపాటు కాటా 82 దగ్గర కదలకుండా కూర్చుంది. చాలామంది వదిలేసేది ఇక్కడే. దీనికి కారణం ఉంది. 88 కిలోల ఒంటిని మోయడానికి కావలసినంత శక్తి 82 కిలోల ఒంటికి అక్కర్లేదు. మొదట్లో తగ్గించినట్టు పనిచేసిన కంచమే ఇప్పుడు సరిగ్గా సరిపోయే కంచం అవుతుంది. మేము అన్నం ఇంకా కోయలేదు. ఊళ్లో తిరిగేటప్పుడు మోటారుసైకిలు చర్చి దగ్గరే పెట్టి నడవడం మొదలుపెట్టాం. అరగంట నడిస్తే ఖర్చయ్యేది గరిటెడు అన్నం శక్తి మాత్రమే. కాని అది రోజూ జరిగితే, చీమలు ఈసారి గింజలు బయటికి మోస్తాయి.

2024 అక్టోబరుకు 76 కిలోలు. మొత్తం 12 కిలోలు, పద్నాలుగు నెలలు. హెచ్‌బిఎ1సి 5.6. టైలరు టేపుతో కొలిస్తే నడుము 106 సెంటీమీటర్ల నుండి 95కి వచ్చింది. మన దేశంలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు కాబట్టి ఇంకా దారి ఉంది. అమ్మగారు 74 నుండి 67కి వచ్చారు. నేలమీద కూర్చుని, చేయి ఊతం లేకుండా లేస్తున్నారు. మా ఇద్దరికీ కాటా చెప్పినదానికన్నా ఆ లేవడమే పెద్ద సాక్ష్యం. అప్పటినుండి మా బరువు 75, 77 మధ్యనే ఉంటోంది. పండగకు పెరుగుతుంది, తర్వాత నెలలో దిగుతుంది.

కొన్ని జాగ్రత్తలు

ఇప్పటికే షుగరు మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు డాక్టరును అడగకుండా అన్నం తగ్గించవద్దు. మందు అంతే ఉండి తిండి తగ్గితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు తగ్గవలసినవారు కారు. ఏ ప్రయత్నం లేకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి. పరీక్ష చేయించుకోండి. క్షయ, షుగరు, థైరాయిడ్ వంటివి అలా బయటపడతాయి.

ఇందాక చెప్పిన ఆ రెండో మాట. మా సంఘంలోనే చాలీచాలని తిండితో బక్కచిక్కినవారు ఉన్నారు. వారికి "తక్కువ తినండి" అని చెప్పడం అన్యాయం. ఈ వ్యాసం వారికోసం రాసింది కాదు, కాని వారు మా లెక్కలో ఉన్నారు. మా సంఘ స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి విడిగా దాచి, ఆదివారం చర్చికి తెస్తారు. మా అత్తల కాలం నుండి వస్తున్న కానుక ఇది. మా వాటాలో రోజుకు 200 గ్రాములు తగ్గిందంటే నెలకు ఆరు కిలోలు. అమ్మగారు ఆ ఆరు కిలోలు ఆ డబ్బాలోనే పోస్తున్నారు. ఇద్దరు ఒంటరి వృద్ధులకు అవి వెళుతున్నాయి.

మీ ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే ఈ వారం ఏమీ మానవద్దు. మీ వాటా బియ్యం ఎంతో, నూనె ఎంతో, టీలు ఎన్నో కాగితం మీద రాయండి. వచ్చే వారం ఒక్క గుప్పెడు బియ్యం తగ్గించి, ఒక కూర పెంచండి. టీవీ ఆపి కూర్చోండి. అమ్మ అందరికీ వడ్డించి చివర గిన్నె అడుగున మిగిలినది నిలబడి తినే అలవాటు మాన్పించి, ఆమెను కూడా పంక్తిలో కూర్చోబెట్టండి. ఆమె కంచంలో ఏముందో అందరికీ తెలుస్తుంది. అందరి భోజనమూ నెమ్మదిస్తుంది. సగం భోజనంలో ఒక నిమిషం చేయి ఆపి చూడండి. ఆకలి తీరిందని తెలిస్తే, ఎదుటివారి ముఖం చూసి, చిరునవ్వుతో "చాలు" అనండి.